చెవిలో పురుగులు కావు, ముందు ఆ రోజువారీ స్నానాలు ఆపండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. ఆనందపురం దగ్గర మాకు చామంతి, మల్లె తోటలున్నాయి. తోట కాపలాకు పెంచుకుంటున్న మగ లాబ్రడార్‌కు మూడేళ్లు, 30 కిలోల బరువుంటుంది. రెండు చెవుల్లోనూ గోధుమ రంగు జిగట మురికి, పుల్లటి వాసన. రాత్రంతా తల విదిలిస్తుంది, వెనక కాలితో చెవి గోక్కుంటూ మూలుగుతుంది. పాదాలు కూడా నాకుతూ ఉంటుంది. శుభ్రతకు లోటు లేదు, రోజూ బోరు దగ్గర స్నానం చేయిస్తాం. మందుల షాపులో అడిగితే చెవిలో పురుగులన్నారు. పశువుల ఐవర్‌మెక్టిన్ సూది 1 మి.లీ. వేశారు. గేదెల పిడుదుల మందు నీళ్లలో కలిపి చెవిలో పోయమంటే రెండుసార్లు పోశాం. తర్వాత ఏవో చుక్కలు ఇచ్చారు. నాలుగు రోజుల్లో తగ్గింది, ఆపేశాం. పదిహేను రోజులకు మళ్లీ మొదలైంది. నిన్న చెవి తుడవబోతే మా అబ్బాయి చేతి మీద గాటు పెట్టింది, కొంచెం రక్తం వచ్చింది. పురుగులు పూర్తిగా పోవడానికి ఏ మందు వాడాలి?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన విషయంతో మొదలుపెడతాను. కుక్క పన్ను దిగి రక్తం వచ్చిందంటే చెవి సంగతి తర్వాత. అబ్బాయి చేతిని సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడగండి. నిన్న కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. ఈ రోజే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. మొదటి సూది వేసిన రోజే 0. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. అది పీహెచ్‌సీలో లేదంటే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లండి. ‘మన ఇంటి కుక్కే కదా, ఏమవుతుందిలే’ అని ఊరుకోవద్దు. స్నానం గురించి ఇంత రాశారు గానీ దానికి రేబిస్ టీకా వేయించిందీ లేనిదీ ఒక్క మాటైనా రాయలేదు.

కుక్కను పది రోజులు కట్టి ఉంచి గమనించండి. తిండి మానేసినా, అరుపు మారినా, చొంగ కారుస్తున్నా, కాళ్లు ఈడుస్తున్నా వెంటనే పశువైద్యుడికీ, అబ్బాయికి టీకా వేస్తున్న డాక్టరుకూ చెప్పండి. ఈ పది రోజుల్లో కుక్కకు రేబిస్ టీకా వేయించకండి. టీకా తర్వాత కాస్త నలతగా ఉన్నా అది టీకా వల్లో రోగం వల్లో తేలక తికమక అవుతుంది. గడువు దాటిన మర్నాడే వేయించి, తర్వాత ఏటా వేయించండి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల) దినం సందర్భంగా ఉచితంగా వేస్తారు కదా అని అప్పటిదాకా ఆగేవాళ్లున్నారు. ఆగొద్దు.

ఇక చెవి. మీరు రాసిన లక్షణాలను బట్టి అవి పురుగులు కావనే అనుకుంటున్నాను. చెవి పురుగులు, అంటే కంటికి కనీకనిపించనంత చిన్న మైట్లు, ఎక్కువగా పిల్లుల్లోనూ కుక్కపిల్లల్లోనూ చూస్తాం. వాటి వల్ల వచ్చే మురికి నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. మీ దగ్గర వస్తున్నది జిగటగా, గోధుమ రంగులో, పుల్లటి వాసనతో ఉంది. పైగా రెండు చెవుల్లోనూ ఉంది, కుక్క పాదాలు కూడా నాకుతోంది. ఇలాంటప్పుడు నా మొదటి అనుమానం ఈస్ట్ (ఒక రకం ఫంగస్) మీద, దాని వెనకున్న అలర్జీ మీద. అనుమానం తీరాలంటే కాస్త మురికిని నల్ల కాగితం మీద రాసి, బల్బు కింద పెట్టి భూతద్దంతో చూడండి. తెల్లటి చుక్కలు కదిలితే మైట్లే, అప్పుడు నా మాట తప్పు. కదలకపోయినంత మాత్రాన లేవని చెప్పలేం. అందుకే ఆ మురికిని స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపులో చూడాలంటున్నాను.

ఈస్ట్ బయటి నుంచి కొత్తగా అంటుకునేది కాదు. మలాసెజియా అనే ఈ సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న చెవిలోనూ కొద్దిగా ఉంటుంది. తడి, వెచ్చదనం, జిడ్డు దొరికితే విపరీతంగా పెరుగుతుంది. లాబ్రడార్ చెవి డొప్ప వేలాడుతూ మూతలా కప్పేస్తుంది, లోపలికి గాలి ఆడదు. విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎలాగూ ఉంది. దానికి తోడు మీరు రోజూ బోరు నీళ్లు గుమ్మరిస్తున్నారు. కుక్క చెవి గొట్టం మన చెవిలా సూటిగా ఉండదు, కొంత దూరం కిందికి దిగి అక్కడ లోపలికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోకి చేరిన నీళ్లు తల ఎంత విదిలించినా పూర్తిగా బయటికి రావు. లాబ్రడార్‌కు రెండు మూడు వారాలకోసారి స్నానం చాలు. స్నానానికి ముందు రెండు చెవుల్లోనూ దూది ఉండ వదులుగా పెట్టి, అయ్యాక తీసేసి, డొప్పను పైకెత్తి లోపలి వైపు మెత్తటి గుడ్డతో అద్దండి. దూది తీయడం మర్చిపోతే అదో కొత్త రోగం.

షాపు వైద్యం గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. గేదెల పిడుదుల మందు డెల్టామెథ్రిన్ అయి ఉంటుంది. లీటరు నీటికి 2 మి.లీ. కలిపి పశువు ఒంటి మీద పూయడానికో చల్లడానికో ఉన్న మందు అది. పశువు ఒంటి మీద చల్లేటప్పుడే కళ్లలో, ముక్కులో, చెవుల్లో పడకుండా చూసుకోమంటాం. అలాంటిది మీరు కుక్క చెవి గొట్టంలోకే పోశారు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నీళ్లు నేరుగా మధ్య చెవిలోకి దిగుతాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ జాతి మందుల దరిదాపులకు కూడా దాన్ని రానివ్వొద్దు, పిల్లులకు ఇవి విషం.

ఐవర్‌మెక్టిన్ సంగతి చూడండి. పశువుల సూదిమందులో మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది, అది 50 కిలోల పశువుకు సరిపడే మోతాదు. మీది 30 కిలోల లాబ్రడార్ కాబట్టి తట్టుకుంది. గేదెలకు వేసే అలవాటులో 5 మి.లీ. ఎక్కించి ఉంటే ఒక్కసారే 50 మి.గ్రా. వెళ్లేది. మోతాదు మరీ మించితే కనుపాపలు విప్పారడం, తూలడం, చొంగ, మత్తు, చూపు పోవడం, చివరికి స్పృహ తప్పడం దాకా వస్తుంది. కోలీ జాతి, ఆ రక్తం కలిసిన కుక్కలైతే మీ కుక్కకు వేసిన లాంటి మోతాదుకే ప్రమాదంలో పడతాయి. సూది వేసినాయన కుక్క బరువు అడిగాడా, జాతి అడిగాడా? చెవిలోకి తొంగి చూశాడా? డీలరుకు తెలిసింది షెల్ఫులో ఏముందో. చెవిలో ఏముందో ఆయనకు తెలియదు.

ఆ తర్వాత ఇచ్చిన చుక్కల పేరు మీరు రాయలేదు. నాలుగు రోజుల్లోనే అంత హాయి వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. సాధారణంగా ఇలాంటి సీసాలో ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు, ఒక స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వాపును, దురదను రెండు మూడు రోజుల్లోనే అణచేస్తుంది. తగ్గిపోయిందనుకుని మీరు ఆపేస్తారు. ఈస్ట్ మాత్రం మలుపు దగ్గర మిగిలే ఉంటుంది. ఇలా ఆపి, మళ్లీ కొని, మళ్లీ ఆపుతూ పోతే చివరికి సూడోమొనాస్ లాంటి మొండి బ్యాక్టీరియా చేరుతుంది. అప్పుడు పచ్చటి చీము, భరించలేని కంపు, ఏ చుక్కకూ లొంగని పుండు. చెవి గొట్టం గోడలు దళసరెక్కి మూసుకుపోతే ఆపరేషన్ తప్ప దారి ఉండదు. అలాంటి కుక్కల్ని మా దగ్గరకు తెచ్చేటప్పుడు వెంట ఒక సంచి నిండా సగం వాడిన చుక్కల సీసాలు తెస్తారు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మీ మండలంలోని పశువైద్యశాలకో, విశాఖ ప్రభుత్వ పశువైద్యశాలకో తీసుకెళ్లండి. కరిచిందని ముందే చెప్పి, మూతికి మెత్తటి గుడ్డ పట్టీ కట్టి తీసుకెళ్లండి. పరీక్ష అయ్యేంతసేపే కట్టాలి. నోరు తెరిచి రొప్పితేనే కుక్క ఒళ్లు చల్లబడేది, ఎండలో కట్టి వదిలేస్తే వడదెబ్బ తగులుతుంది. వెళ్లే ముందు రెండు రోజులు చెవి శుభ్రం చేయొద్దు, చుక్కలు వేయొద్దు. మురికితో కనపడటానికి మీరు మొహమాటపడతారేమో గానీ డాక్టరుకు కావలసింది ఆ మురికే. రెండు పనులు అడిగి చేయించుకోండి. ఒకటి, చెవి లోపలికి చూసే ఓటోస్కోపుతో కర్ణభేరి చూడటం. రెండోది, రెండు చెవుల నుంచీ వేర్వేరుగా దూది పుల్లతో మురికి (స్వాబ్) తీసి, స్లైడ్ మీద దొర్లించి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం. ఈస్ట్ ఉంటే వేరుశనగ కాయల్లా నడుము నొక్కుకుపోయిన కణాలు కనపడతాయి. కడ్డీల ఆకారంలో బ్యాక్టీరియా కనిపిస్తే కల్చర్ (ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించి, ఏ మందుకు లొంగుతుందో తేల్చుకున్నాకే యాంటీబయోటిక్. స్లైడ్ పరీక్షకు ఎక్కువ సేపు పట్టదు. కల్చర్ సౌకర్యం దగ్గర్లో లేకపోతే గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి, మీకు మరీ దూరం కాదు.

ఈస్ట్ అని తేలి, కర్ణభేరి బాగుందని డాక్టరు చెబితే క్లోట్రిమజోల్ గానీ మైకోనజోల్ గానీ ఉన్న చుక్కలు రాస్తారు. మామూలుగా రోజుకు రెండుసార్లు వేయాలి. ఒక్కో పూట ఎన్ని చుక్కలన్నది ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి చీటీలో రాసిందే పాటించండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. దురద పోయిందని మధ్యలో ఆపొద్దు. రెండు వారాలకు మళ్లీ స్వాబ్ చూపించి, డాక్టరు చాలన్నాకే ఆపండి. కర్ణభేరికి చిల్లు ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు వినికిడినే దెబ్బతీయవచ్చు. చూడకుండా ఏదీ వేయొద్దని అంతగా చెబుతున్నది ఇందుకే.

శుభ్రం చేసే పద్ధతి కూడా నేర్చుకోండి. కుక్కల కోసం అమ్మే ఇయర్ క్లీనర్ వాడండి. అది దొరకకపోయినా, కర్ణభేరి సంగతి ఇంకా తేలకపోయినా, 0.9 శాతం సెలైన్ చాలు. సీసాను కాసేపు చేతుల్లో పట్టుకుని చల్లదనం పోనివ్వండి. డొప్పను పైకి నిటారుగా పట్టి, ద్రవం గొట్టం నిండి పైకి కనపడే దాకా పోయండి. సీసా మూతి చెవికి తగలనివ్వద్దు. చెవి మొదట్లో గట్టిగా గొట్టంలా తగిలే చోటును బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టి అర నిమిషం మెల్లగా పిసకండి. పిచ్‌పిచ్‌మని చప్పుడు వస్తే ద్రవం లోపలికి దిగినట్టే. వదిలేసి పక్కకు జరగండి, అది ఒక్క విదిలింపుతో మీ చొక్కా మీదికి సగం మురికి తెచ్చేస్తుంది. మిగిలింది వేలికి చుట్టిన దూదితో, వేలు వెళ్లినంత మేరే తుడవండి. ఇయర్ బడ్ వద్దు, అది మురికిని మలుపులోకి కుక్కుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చి చుక్కలు వేయండి. చికిత్స సాగుతున్నంత కాలం డాక్టరు చెప్పినట్టు రోజూనో రోజు విడిచి రోజో, తగ్గాక పది పదిహేను రోజులకోసారి చాలు. బాగున్న చెవిని రోజూ కడిగినా పుండవుతుంది. నొప్పితో ఉన్న చెవి కాబట్టి ఇప్పుడు ఇదంతా డాక్టరు దగ్గరే మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లల చేత అసలు చేయించొద్దు.

వెల్లుల్లి కాచిన కొబ్బరినూనె, ఉల్లిరసం, పసుపు నీళ్లు, స్పిరిట్, వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ పోయకండి. ఒరిసిన చర్మం మీద కొన్ని భగ్గున మండుతాయి, నూనె తేమను లోపలే పట్టి ఉంచుతుంది.

ఒకవేళ మైట్లే తేలితే చెవి చుక్కలతో పని అయిపోదు. మైటు గుడ్డు నుంచి పెద్దదవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి అంతకాలం మందు పనిచేస్తూ ఉండాలి. ఇంట్లో ఉన్న పిల్లులకూ మిగతా కుక్కలకూ ఒకేసారి వైద్యం చేయాలి. సెలామెక్టిన్ వంటి మందులు బరువు చూసి రాస్తారు.

చికిత్స పూర్తయ్యాక రెండు నెలల్లో మళ్లీ వస్తే అలర్జీ మూలం వెతకాలి. పిడుదులు, గోమార్లు లేకుండా చూడటం మొదటిది. తర్వాత తిండి. కోడి వ్యర్థాలు, పాలన్నం పెడుతుంటే ఆపి, అది ఇదివరకు తినని మాంసం ఒకటి, అన్నం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టి చూడాలి. ఆ మధ్యలో ఒక్క బిస్కెట్ ఇచ్చినా లెక్క మళ్లీ మొదటికే. చామంతికి మందు కొట్టిన రోజు కుక్కను మళ్లలో పడుకోనివ్వకండి, పాదాలు నాకేది అందుకైనా కావచ్చు.

తల ఒక పక్కకు వాల్చినా, నడకలో తూలినా, కనుగుడ్లు అటూ ఇటూ ఊగుతున్నా, డొప్ప ఉబ్బి మెత్తగా తగులుతున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఉబ్బిన డొప్పలో ఉండేది చీము కాదు, విదిలించి విదిలించి చిట్లిన నాళాల రక్తం. దాన్ని ఇంట్లో సూదితో గుచ్చకండి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన చుక్కల సీసా, పిడుదుల మందు డబ్బా, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి. పారేసి ఉంటే షాపుకు వెళ్లి లేబుళ్లు ఫోటో తీసుకోండి. కొత్తది మాత్రం కొనకండి.
– పశువైద్య శాస్త్రవేత్త, విశాఖపట్నం