లాటరీలో పర్మిట్ రాలేదు, విట్నీ ఎక్కొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఆగస్టులో ఇక్కడి మౌంట్ విట్నీ కొండ ఒక్కరోజులో ఎక్కి దిగాలని నేను, మావారు, మా మరిది చాన్నాళ్లుగా నడక ప్రాక్టీసు చేస్తున్నాం. లాటరీలో పర్మిట్ రాలేదు. తెల్లవారకముందే బయల్దేరితే ఎవరూ అడగరని మరిది అంటున్నాడు. వెళ్లొచ్చా?

జవాబు: పర్మిట్ లేకుండా మాత్రం వద్దండి. రేంజర్లు దారిలో అడుగుతారు, అదలా ఉంచండి. మే 1 నుంచి నవంబర్ 1 దాకా, ఒక్కరోజులో వెళ్లొచ్చేవాళ్లను రోజుకు 100 మందిని, రాత్రి ఉండేవాళ్లను 60 మందినే పంపుతున్నారంటే ఆ కొండ అంతకుమించి తట్టుకోలేదనే. పైన టాయిలెట్లు లేవు, ఎవరి మలం వాళ్లు సంచిలో కట్టుకుని కిందికి మోసుకురావాలి. అందరూ మీ మరిదిలాగే అనుకుంటే అక్కడి చెరువుల గతేంటి?

అయినా ఆశ వదులుకోకండి. లాటరీలో వచ్చినవాళ్లు కొందరు తర్వాత రద్దు చేసుకుంటారు, ఆ తేదీలు పర్మిట్లు ఇచ్చే వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో మళ్లీ కనిపిస్తాయి. వారం మధ్యలో తేదీలు చూస్తూ ఉండండి.

నాకు పర్మిట్ కంటే మీరు అడగని విషయం గురించే టెన్షన్‌గా ఉంది. మీరుండేది దాదాపు సముద్రమట్టంలో, శిఖరమేమో 14,505 అడుగులు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మీ ఊళ్లో కంటే సుమారు 40 శాతం తక్కువ. ఆఫీసయ్యాక కారెక్కి, కొండ కింది ఊరు లోన్ పైన్ చేరి, అదే రాత్రి నడక మొదలుపెడితే, రానూపోనూ 22 మైళ్ల దారిలో గుడారాలు వేసుకునే ట్రెయిల్ క్యాంప్ దాటాక వచ్చే ఆ 99 మలుపుల దగ్గరే తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. కాళ్లలో ఎంత బలమున్నా దీనికి పనికిరాదు, మారథాన్లు పరిగెత్తేవాళ్లు కూడా ఇక్కడ కూలబడతారు. అందుకే ముందు రెండు రాత్రులు నడక మొదలయ్యే విట్నీ పోర్టల్ దగ్గర పడుకోండి, అది 8,000 అడుగుల పైనే ఉంది. దారిలో ముగ్గురిలో ఎవరికైనా నడక తూలినా, మాట తడబడినా వెంటనే అందరూ దిగిపోవాలి. దిగడమే మందు.

ఆగస్టు మధ్యాహ్నాల్లో పిడుగులు పడతాయి కాబట్టి పన్నెండింటికల్లా శిఖరం దిగేలా చూసుకోండి. పైన 1909లో కట్టిన రాతి గది ఉంది, రేకుల కప్పు, ఉరుములప్పుడు అందులో దూరొద్దు. 1990లో అలా లోపల తలదాచుకున్న ఒకాయన పిడుగుపాటుకు చనిపోయాడు.

ఈసారికి ఏ తేదీ దొరక్కపోతే అదే దారిలో లోన్ పైన్ లేక్ దాకా వెళ్లి రండి, వెళ్లడానికి సుమారు 2.8 మైళ్లు, పగటిపూట దానికి పర్మిట్ అక్కర్లేదు. మళ్లీ లాటరీ ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 దాకా ఉంటుంది, అప్పుడు శని, ఆదివారాలు వదిలేసి ఎక్కువ తేదీలు పెట్టండి.