వేడెక్కాక మొరాయించే పాత కారు

ప్రశ్న: మా పాత పెట్రోలు కారు పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. 45 నిమిషాలు నడిపాక మిస్సింగ్ మొదలై, కాసేపటికి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ప్లగ్గులు, పాయింట్లు మార్పించాను. కాయిల్ 6 నెలల కిందటే కొత్తది వేయించాను కనుక దాని మీద అనుమానం లేదు. కార్బురేటర్ విప్పాలని మెకానిక్ అంటున్నారు. విప్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు అనుమానం లేదంటున్న ఆ కొత్త కాయిల్ (ప్లగ్గుల్లో స్పార్క్ కోసం వోల్టేజీ పెంచే భాగం) మీదే నాకు మొదటి అనుమానం.

పాయింట్లతో (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే స్విచ్చు) నడిచే కార్లలో రెండు రకాల ఏర్పాట్లు ఉంటాయి. కొన్నింటిలో బ్యాటరీ నుంచి 12 వోల్టులూ నేరుగా కాయిల్‌కు చేరతాయి. వాటికి ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే చుట్ట) నిరోధం సుమారు 3 ఓములున్న కాయిల్ కావాలి. మరికొన్నింటిలో దారిలో కరెంటును తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ ఉంటుంది కనుక, సుమారు 1.5 ఓముల కాయిల్ సరిపోతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బలాస్ట్ లేని కారుకు ఈ రెండో రకం తగిలిస్తే కరెంటు దాదాపు రెట్టింపు పారి కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది, పాయింట్లు త్వరగా మాడిపోతాయి. బండి చల్లగా ఉన్నప్పుడు కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల వైర్లు విడదీసి, వాటి మధ్య మల్టీమీటరుతో కొలిస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

కాయిల్ సరైనదే అయితే, అసలు పరీక్ష బండి ఆగిన చోటే చేయాలి. చల్లారాక షెడ్డుకు తీసుకెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి; ఈ రకం లోపం ఏళ్ల తరబడి దొరకకపోవడానికి అదే కారణం. ఆగిన వెంటనే డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగం) క్యాప్ నడుమనున్న లావు వైరును ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో దాని కొసను ఇంజన్ లోహానికి 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి (దగ్గరలో పెట్రోలు వాసన ఉంటే మాత్రం ఈ పని చేయవద్దు). చిటపటమంటూ నీలిరంగు స్పార్క్ వస్తే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. ఇక క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, ప్లగ్ వైర్లు చూడాలి. సన్నగా పసుపుపచ్చగా వచ్చినా, అసలు రాకపోయినా, ఒక టెస్ట్ ల్యాంపును కాయిల్ నెగటివ్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య తగిలించి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి.

బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు తమ పని తాము చేస్తున్నట్టే. అప్పుడు కాయిల్ గానీ కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపులు లేవకుండా చూసే చిన్న భాగం) గానీ దోషి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైరు తెగింది. ఈ వైరు మహా మాయలమారి: పైతొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపలి తీగలు మాత్రం పాయింట్లు బిగించిన ప్లేటు అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఒక్కొక్కటిగా తెగిపోతుంటాయి. మెల్లగా లాగి చూస్తే తెగినచోట రబ్బరులా సాగుతుంది. బల్బు అసలు వెలగకపోతే కాయిల్ పాజిటివ్ దగ్గర కరెంటు ఉందో లేదో చూడాలి; ఉంటే ప్రైమరీ చుట్ట తెగి ఉండవచ్చు, పాయింట్ల వైపు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండవచ్చు, కండెన్సరే షార్ట్ అయి ఉండవచ్చు.

వేడి కాయిల్‌ను మీటరుతో కొలిచి 3 ఓములకు బదులు మూడున్నర చూపిస్తోందని కంగారు పడకండి. వేడికి రాగి నిరోధం ఆ మాత్రం పెరగడం సహజమే. పైగా సెకండరీలో (హై వోల్టేజీ పుట్టే చుట్టలో) ఇన్సులేషన్ దెబ్బతిన్న కాయిల్ మీటరు ముందు బుద్ధిమంతురాలిలా నటిస్తుంది. అందుచేత బాగున్నదని తెలిసిన కాయిల్‌నూ కండెన్సర్‌నూ బండిలో ఉంచుకుని, ఆగినప్పుడు ముందుగా కండెన్సర్ మార్చి చూడండి, ఆ తరువాత కాయిల్. రెండూ ఒకేసారి మార్చితే లోపం దేనిదో ఎప్పటికీ తేలదు.

బండి ఆగిన ఆ క్షణంలోనే ప్రతి ప్లగ్గు దగ్గరా బలమైన స్పార్క్ వస్తోందంటే మీ మెకానిక్ మాటే నిజం కావచ్చు. అప్పుడు కూడా కార్బురేటర్ కంటే ముందు, ఇంజన్ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతోందేమో చూడమనండి.