టెక్ సందేహాలు: ఫారం డేటాను విప్పే కోడ్ సొంతంగా రాసుకోవచ్చా?

ప్రశ్న: సర్వర్‌లో పైథాన్ 3.13 వేసినప్పటి నుంచి మా ఫీడ్‌బ్యాక్ ఫారం స్క్రిప్ట్ 'సీజీఐ మాడ్యూల్ లేదు' అంటూ ఆగిపోతోంది. 'పేరు=విలువ' జతలుగా వచ్చే ఫారం డేటాను '&' దగ్గర, '=' దగ్గర ముక్కలు చేస్తే చాలు కదా! ఆ నాలుగు లైన్లు నేనే రాసుకోనా?

జవాబు: సీజీఐ అంటే ఫారం డేటాను స్క్రిప్ట్‌కు విప్పి ఇచ్చే పాత పైథాన్ మాడ్యూల్. దాన్ని తీసేస్తామని 3.11లోనే నోటీసు ఇచ్చారు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో తీసేశారు. ఇక నాలుగు లైన్ల సంగతి. నేనూ ఒకప్పుడు రాశాను. వారం బాగానే నడిచింది. తర్వాత ఎవరో 'సి++' అని టైప్ చేస్తే నా దగ్గరికి 'సి', దాని పక్కన రెండు ఖాళీలు వచ్చాయి!

చిక్కంతా వరసలో ఉంది. బ్రౌజర్ మామూలు ఫారాన్ని పంపేటప్పుడు ఖాళీని '+'గా మారుస్తుంది. మీరు టైప్ చేసిన అసలు '+'ను % గుర్తుతో మొదలయ్యే కోడ్‌గా మారుస్తుంది. అందుకని ముందు '+'లను ఖాళీలు చేసి, ఆ తర్వాత % కోడ్‌లు విప్పాలి. నేను తిరగేసి చేశాను. '&' కూడా అంతే. ఎవరైనా తమ సంస్థ పేరులో '&' రాస్తే అది %26గా వస్తుంది. ముక్కలు చేయకముందే విప్పేశారంటే పేరు సగానికి తెగి, లేని ఫీల్డ్ ఒకటి పుట్టుకొస్తుంది.

తెలుగు విషయంలో ఇంకాస్త జాగ్రత్త. 'అమ్మ' చూడ్డానికి చిన్న మాటే. కంప్యూటర్‌కు మాత్రం అ, మ, పొల్లు, మ అని నాలుగు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు % తో కలిపి మూడు గుర్తులు. మొత్తం 36! ఒక్కో బైటునూ విడిగా అక్షరంగా మార్చబోతే పిచ్చి గీతలే మిగులుతాయి. బైట్లన్నీ కూడిన తర్వాతే యూటీఎఫ్-8గా చదవాలి.

ఇవన్నీ పైథాన్‌తో వచ్చే 'యూఆర్ఎల్‌లిబ్ పార్స్'లోని 'పార్స్ క్యూఎస్' ఫంక్షన్ చూసుకుంటుంది. ఒకే పేరుతో మూడు చెక్‌బాక్సులు టిక్ చేసినా మూడింటినీ జాబితాగా ఇస్తుంది. ఒక మెలిక: ఖాళీగా వదిలిన ఫీల్డులను అది మామూలుగా పడేస్తుంది. అవీ కావాలంటే 'కీప్ బ్లాంక్ వాల్యూస్'ను ట్రూ చేయండి. ఫారంలో ఫైల్ అప్‌లోడ్ ఉంటే మాత్రం ఇది పనికిరాదు. ఆ డేటా రూపమే వేరు, దానికి 'మల్టీపార్ట్' లైబ్రరీ వాడండి. కోడ్ ముట్టుకునే తీరిక లేదా? పాత మాడ్యూల్‌నే 'లెగసీ సీజీఐ' పేరుతో పిప్ (పైథాన్ లైబ్రరీలను దించుకునే సాధనం) ద్వారా వేసుకునేలా ఉంచారు. ప్రస్తుతానికి గండం గట్టెక్కుతారు.

ప్రశ్న: కుకీ (వెబ్‌సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) విలువ చివర ఉండాల్సిన '==' నా కోడ్‌లో మాయమవుతోంది. గడువు తేదీ కూడా కనిపించడం లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ప్రతి '=' దగ్గరా కోస్తున్నట్టున్నారు. మొదటి దాని దగ్గర మాత్రమే కోయండి, మిగతాదంతా విలువే. కుకీల మధ్య ఉండేది '&' కాదు, సెమికోలన్. ఇక్కడ '+' అంటే '+' అనే, ఫారం డేటా విప్పే ఫంక్షన్‌ను దీనిమీద వాడకండి. గడువు తేదీ గురించి కంగారు వద్దు. దాన్ని బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుని, మీకు పేరు, విలువ మాత్రమే తిరిగి పంపుతుంది. తేదీ మీకూ అవసరమైతే సర్వర్‌లో విడిగా రాసి పెట్టుకోండి.