తీరం మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

వైజాగ్‌లో సాగర్‌నగర్ దాటాక మీరు ఇల్లు తీసుకున్న కాలనీలో నిన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వచ్చే నెల నుంచి బీచ్ శుభ్రం చేసే పని మొదలుపెడుతున్నారట, ఎలా చెయ్యాలో నన్ను అడగమన్నావట. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. లాసన్స్ బే వైపు మా కాలనీ వాళ్ళతో కలిసి ఈ పని చాలా ఏళ్ళు చేశాను. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. సంచి, చీపురు పట్టుకునే ముందు ఆ ఇసుక మీద ఎవరెవరు బతుకుతున్నారో చూడాలి. మీ కాలనీకి లేఅవుట్ వెయ్యకముందు నుంచీ అక్కడ మత్స్యకారులున్నారు. పొద్దున్నే ఊడ్చే కార్మికులున్నారు. చలికాలంలో గుడ్లు పెట్టడానికి తాబేళ్ళొస్తాయి. ఇసుకను పట్టుకుని తీగలున్నాయి. వీళ్ళందర్నీ పక్కన పెట్టి చేసే శుభ్రం నాలుగు ఆదివారాలు కూడా నిలవదు.

అందుకని మొదటి పని ఆ మత్స్యకారుల పల్లెలోకి వెళ్ళడం. బ్యానరు, టోపీలు, టీషర్టులు ఏమీ లేకుండా ఇద్దరో ముగ్గురో వెళ్ళండి. పొద్దున పడవలు ఒడ్డుకొచ్చి చేపలు దించే వేళకి వెళితే ఎవరూ మాట్లాడలేరు, అది వాళ్ళకి బేరాల టైము. సాయంత్రం వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, అప్పుడు వెళ్ళండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం కదా, ఆ రోజుల్లో మనుషులు తీరిగ్గా దొరుకుతారు. చేతిలో డబ్బు మాత్రం ఆడదు, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి. ముందు ఊరి పెద్దల్ని కలవండి. తర్వాత ఆడవాళ్ళతో విడిగా కూర్చోండి. చేపలు ఎండబెట్టేది, అమ్మేది వాళ్ళే కాబట్టి ఇసుక శుభ్రంగా ఉంటే ఎక్కువ లాభం వాళ్ళకే, ఇసుక మీద మనం అడ్డొస్తే ఎక్కువ ఇబ్బందీ వాళ్ళకే.

పడవలు ఎక్కడ లాగి పెడతారు, చేపలు ఎక్కడ ఆరబోస్తారు, గంగమ్మ పండగ ఎప్పుడు, దేని మీద చెయ్యి వెయ్యకూడదు, ఇవన్నీ అడిగి రాసుకోండి. వల సంగతి మరీ ముఖ్యం. ఇసుకలో సగం కూరుకుపోయి చిక్కుపడి ఉన్న నైలాన్ ముద్ద మనకి చెత్తలాగే కనిపిస్తుంది. అందులో మంచి ముక్క కోసి ఇంకో వలకి అతుకు వేసుకుందామని దాచుకున్నవాళ్ళు ఉంటారు. ఒకసారి మా వైపు వచ్చిన కాలేజీ పిల్లలు అలాంటి వల ఒకటి మూటగట్టి చెత్తబండి ఎక్కించేశారు. ఆ ఇంటివాళ్ళు అడగడానికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. తర్వాత చాన్నాళ్ళు సంచులతో ఎవరు కనిపించినా పల్లె వాళ్ళు ముఖం తిప్పుకునేవారు. అందుకే వల, తాడు, బెండు, ఇనుప కొక్కెం, వీటిలో ఏది తియ్యాలన్నా పల్లె మనిషి ఒకరు పక్కనుండి సరే అనాలి. పనికిరాని ముక్కలు మాత్రం తప్పకుండా తీయించండి. అవి మళ్ళీ నీళ్ళలోకి పోతే తాబేళ్ళకి ఉరితాళ్ళవుతాయి.

ఇంకొకటి, మీ మొదటి మీటింగులోనే ఎవరో లేచి 'వాళ్ళు బీచ్‌లో చెంబట్టుకెళ్తారు' అంటారు. అప్పుడు నువ్వు నిలబడి, ఆ పల్లెలో మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయి, వాటికి నీళ్ళు వస్తున్నాయా అని అడగాలి. మేం అడిగాక తేలింది, దొడ్లున్నాయి గానీ కుళాయి రోజూ రావడం లేదని. ఆ కుళాయి కోసం మా అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టాం. పల్లెకీ మాకూ మధ్య మాట కలిసింది అప్పుడే.

కార్మికుల గురించి. ఆదివారం మీరు ముప్పై సంచులు నింపి రోడ్డు పక్కన వరసగా పెట్టి ఫోటో దిగి ఇంటికెళ్తే, సోమవారం ఆ బరువు మోసేది వాళ్ళే. రాత్రికి రాత్రి కుక్కలు, ఆవులు ఆ సంచులు చింపేస్తే మళ్ళీ ఏరేదీ వాళ్ళే. కాబట్టి జీవీఎంసీ (మన విశాఖ నగరపాలక సంస్థ) శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో ముందే మాట్లాడి, బండి ఏ టైముకి వస్తుందో ఖాయం చేసుకున్నాకే తేదీ పెట్టండి. బండి రానంటే ఆ వారం పని వద్దు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచెయ్యాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, ఇసుక మీద ఏరిన దానికీ అదే పద్ధతి పాటించండి. ఇసుకతో సహా సంచిలో ఎత్తకండి. జల్లెడ పట్టండి. బరువు సగం తగ్గుతుంది, ఇసుక ఉన్నచోటే ఉంటుంది. అక్కడ ఊడ్చే అమ్మలని పేరుతో పిలవడం మీ వాళ్ళందరికీ అలవాటు చెయ్యి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మొదటి రెండు మూడు సార్లు ఎంత ఏరారన్నది పక్కన పెట్టి, ఏం ఏరారన్నది రాసి పెట్టండి. ఒక నోటుపుస్తకం చాలు. పేపరు ప్లేట్లు, నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, సిగరెట్ పీకలు బీచ్‌కి వచ్చినవాళ్ళు వేసినవి. (పీకలో దూదిలా కనిపించేది కూడా ప్లాస్టిక్కే, చాలామందికి తెలియదు.) తాడు ముక్కలు, వల ముక్కలు, థర్మోకోల్ పెట్టె పెచ్చులు పడవల నుంచి వచ్చేవి. మూడోది మాత్రం మన ఇళ్ళదే. షాంపూ పాకెట్లు, పాల ప్యాకెట్లు, పాత టూత్‌బ్రష్షులు, బిళ్ళల రేకులు. ఇవి ఎవరూ బీచ్‌కి తెచ్చి పారేసినవి కావు. కాలనీ కాలవలోంచి గెడ్డలోకి (సముద్రంలో కలిసే వాగులోకి), గెడ్డలోంచి సముద్రంలోకి పోయి, కెరటం మళ్ళీ మన ముందే పడేసినవి. నమ్మకపోతే వర్షాకాలంలో మొదటి పెద్దవాన పడిన మర్నాడు పొద్దున గెడ్డ సముద్రంలో కలిసేచోట నిలబడి చూడు. నల్లటి నీళ్ళ అంచున అర్ధచంద్రాకారంలో చెత్త కట్టి ఉంటుంది. వంగి పరీక్షగా చూస్తే గోరంత తెల్లటి మూలముక్కలు కనిపిస్తాయి. పాల ప్యాకెట్ కత్తిరించినప్పుడు తెగి పడే ముక్కలవి. సింకులోకి పోతాయి, ఏ సంచికీ అందవు, ఏ పాతసామాన్ల కొట్టువాడూ కొనడు.

అందుకే మా కాలనీలో బీచ్ పని సగం వంటిళ్ళలోనే జరిగింది. మూల పూర్తిగా తెంపకుండా వేలాడేలా కత్తిరించమని ఇంటింటికీ వెళ్ళి చెప్పాం. కాలవలోకి చెత్త తోసే పాన్‌షాపు, టిఫిన్ బండి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఒక్కొక్కళ్ళతో విడివిడిగా మాట్లాడాం. ఇసుక మీద పది గంటలు ఏరడం కంటే కాలవ మొదట్లో ఒక గంట నిలబడటం మేలని నేను కచ్చితంగా చెప్పగలను. 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్ల లాంటివి దేశమంతా నిషేధం, ఆ మాట బండివాళ్ళకి మర్యాదగా చెప్పండి. బెదిరించొద్దు. మార్చుకోవడానికి ఆకు దొన్నెలు ఎక్కడ హోల్‌సేల్‌లో దొరుకుతాయో కూడా మీరే కనుక్కుని చెప్పండి.

గెడ్డకి అడ్డంగా వల గానీ జాలీ గానీ కడదామని మీ కుర్రాళ్ళు అంటారు. మంచి ఆలోచనే, కానీ సొంతంగా కట్టొద్దు. చెత్త నిండి జాలీ పూడుకుపోతే వాన రాత్రి పైనున్న ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. కార్పొరేషన్ ఇంజినీరుకి చూపించి, రాతపూర్వకంగా ఒప్పించుకుని, రోజూ ఎవరు తీసి శుభ్రం చేస్తారో, తుఫాను హెచ్చరిక వస్తే ఎవరు విప్పేస్తారో పేర్లు రాసుకున్నాకే కట్టాలి.

డిసెంబరు చివరి నుంచి వేసవి మొదలయ్యేదాకా తాబేళ్ళ కాలం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి, అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతాయి. తెల్లారగట్ల నడిస్తే జాడ కనిపిస్తుంది, చిన్న ట్రాక్టరు టైరు నీళ్ళలోంచి పైకొచ్చి మళ్ళీ నీళ్ళలోకి దిగినట్టు. ఆ జాడ చూడగానే అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. కుక్కలు రాకుండా అక్కడ కాపలా ఉండండి. గుడ్లు మాత్రం ముట్టుకోకండి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. తీసి హేచరీకి, అంటే గుడ్లు పొదిగించే చోటుకి, చేర్చే పని నేర్చుకున్నవాళ్ళదే. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవి, మన ఇష్టం కాదు. ఆ నెలల్లో ఇసుక మీద ట్రాక్టరు గానీ, ఇసుక దువ్వే యంత్రం గానీ తిప్పనివ్వొద్దు.

నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలొస్తాయి. ఎటు వెలుతురుంటే అటు పోవడం వాటి స్వభావం. చీకటి రాత్రి సముద్రమే కాస్త వెలుగ్గా ఉంటుంది కాబట్టి నీళ్ళవైపు పోతాయి. మీ వీధి లైట్లు, మేడమీద ఫ్లడ్‌లైట్లు అంతకంటే వెలుగ్గా ఉంటే రోడ్డెక్కి టైర్ల కింద పడతాయి. సముద్రం వైపు చూసే లైట్లు ఆ రోజుల్లో ఆపించడం అసోసియేషన్ మాత్రమే చెయ్యగల పని. సెక్యూరిటీ టెన్షన్ అని కొందరు ఒప్పుకోరు. లైటుకి పైన డొప్ప పెట్టి కాంతి కిందకి పడేలా చేస్తే ఒప్పుకుంటారు, మా దగ్గర ఒప్పుకున్నారు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు మీ చిన్నాళ్ళని తీసుకెళ్ళు. ఫ్లాష్ కొట్టనివ్వకు.

చచ్చిన పెద్ద తాబేళ్ళు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి, మనసు కలుక్కుమంటుంది. అవి ఊపిరికి పైకి రావాల్సిన జీవులు. పెద్ద మరబోట్లు ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేక చచ్చిపోతాయి. అది చూసి పక్క పల్లె చిన్న పడవల వాళ్ళ మీద ఎవరూ నోరు పారేసుకోకుండా చూసుకో. అటవీశాఖ వాళ్ళొచ్చి రాసుకున్నాకే పూడ్చాలి.

తీగల గురించి రెండు మాటలు. ఇసుక దిబ్బ మీద పాకే ఊదారంగు పూల తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి, ఇవి పిచ్చిమొక్కలు కావు. గాలికి ఎగిరే ఇసుకను ఆపి దిబ్బ కట్టేవి ఇవే. 'అందంగా లేవు, పీకేసి లాన్ వేద్దాం' అనేవాళ్ళు ప్రతి కాలనీలో ఉంటారు, వాళ్ళకి లొంగకు. బెంచీలు, షెడ్డు, నడకదారి లాంటివి కట్టాలన్నా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతి ఉండాలి, దాత దొరికాడని పునాది తవ్వెయ్యొద్దు.

ఏరేవాళ్ళకి మందపాటి గ్లౌజులు, బూట్లు, పట్టకార్లు ఇవ్వండి. సిరంజిలు, గాజుపెంకులు గట్టి డబ్బాలో వేరుగా వెయ్యాలి, పిల్లలచేత తీయించకూడదు. డిసెంబరు 31 మర్నాడు, కార్తీకమాసం పిక్నిక్‌ల తర్వాత గాజు ఎక్కువగా ఉంటుంది. పొద్దున ఎనిమిదికల్లా ముగించెయ్యండి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువగా ఉంటుంది, ఆ తేదీలు చూసుకోండి. చేతులు కడుక్కుందామని కూడా ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకు. మన వైజాగ్ సముద్రం లోపలికి లాగేస్తుంది. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో నిమ్మళంగా కనిపించే చోటే చాలాసార్లు ఆ లాగుడు ఉంటుంది. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలని అందరికీ ముందే చెప్పు. తాడు కట్టిన ట్యూబు ఒకటి ఎప్పుడూ దగ్గరుంచండి.

డబ్బు విషయం తేలిక, కానీ అసోసియేషన్లు విరిగేది అక్కడే. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడు, బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించు, గ్లౌజులు కొన్న బిల్లుతో సహా ప్రతి నెలా నోటీసుబోర్డు మీద అంటించు. స్పాన్సర్లు బ్యానరు కట్టమంటారు. ఆ ఫ్లెక్సీ మర్నాడు ఎవరు విప్పుతారని అడుగు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో పడ్డ చెట్లు నరికి దారి చేసింది పల్లె కుర్రాళ్ళే. పిలవకుండానే వచ్చారు. ఆ రోజు నుంచి ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ జాబితా, జనరేటర్ ఉన్న ఇళ్ళ జాబితా మా దగ్గరా, పల్లె పెద్దల దగ్గరా రెండు చోట్లా ఉంటుంది. మీరూ అలాంటిది రాసి పెట్టుకోండి, బీచ్ పనితో పాటే.

వచ్చే నెల పెట్టుకున్న తేదీ కాస్త జరపండి. ఈ రెండు వారాల్లో పల్లెకి ఒకసారి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి ఒకసారి, గెడ్డ వెంబడి పైదాకా ఒకసారి వెళ్ళిరా. గెడ్డలోకి ఏ ఏ వీధుల కాలవలు కలుస్తున్నాయో కాగితం మీద గీసి నాకు పంపు, ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరం చూద్దాం.

మీ అత్తయ్య