పురుగుల ఆకలి మీద పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా,

నీకు బెంగళూరులో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోను చేశాడు. సంతోషం అయిదు నిమిషాలు, తర్వాత అంతా ఫిర్యాదే. "అక్కా, డాక్టరవుతుందనుకుంటే పురుగులు ఎంత తింటాయో చూడటానికి పోతోంది" అన్నాడు. జువాలజీ పంతులమ్మ తమ్ముడు అనాల్సిన మాట కాదని గట్టిగానే కోప్పడ్డాను. ఫోను పెట్టాక మాత్రం నాకూ నిద్ర పట్టలేదు. నా దిగులు వేరు.

ముందు మామూలు సంగతులు. నీ పురుగు సీ. ఎలిగాన్స్, ప్లేటు మీద వేసిన బాక్టీరియాను మేసే సన్నని నులిపురుగు. సెరటోనిన్ అంటే నాడీకణాలు కబుర్లు పంపుకునే రసాయనం. దాని ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకో, వెలుతురు తగలనివ్వకు. ప్లేటు మీద తేదీ రాయి. ఏ ప్లేటు ఏదో నీకు తెలియకుండా ఇంకొకరితో అంకెలు వేయించి, అప్పుడు లెక్కపెట్టు. ఇవన్నీ మీ గైడు చెబుతారు.

వాళ్లు చెప్పినా నువ్వు సగం వినేది ఒకటుంది. నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు, పరకాల వైపు వాడు, ఇలాంటి ల్యాబ్‌లోనే చేరాడు. పేరు వద్దులే. ఒక జన్యువు లోపించిన పురుగులు మేత దగ్గర ఎలా మసలుతాయో చూడటం అతని పని. బతుకమ్మ సెలవులకు ఇంటికొస్తూ ప్లేట్లన్నీ ఇంక్యుబేటర్‌లో సర్దాడు గానీ, చూడమని ఎవరికీ అప్పగించలేదు. ఆ పురుగు మూడు రోజుల్లో గుడ్డు నుంచి తల్లి అవుతుంది, ఒక్కొక్కటీ మూడొందల దాకా గుడ్లు పెడుతుంది. అతను తిరిగి వెళ్లేసరికి మామూలు పురుగుల ప్లేట్లలో బాక్టీరియా మొత్తం ఖాళీ. లోపమున్నవి నెమ్మదిగా పెరిగే రకం, వాటికి మేత ఇంకా మిగిలే ఉంది. రెండింటినీ తీసి కొత్త మేత మీద వేశాడు. మామూలువి మేత తగలగానే దాదాపు ఆగిపోయాయి. లోపమున్నవి తిరుగుతూనే ఉన్నాయి. ఇంకేముంది, సెరటోనిన్‌ను నడిపే జన్యువు దొరికిందని రాసుకున్నాడు. పోస్టరు వేసి నాకు ఫోటో పంపాడు. నేనూ మురిసిపోయి మా వీధిలో అందరికీ చూపించాను.

నిజానికి అక్కడ తేడా చూపించింది ఆకలి. కడుపు నిండిన పురుగు మేత మీదికి రాగానే కాస్త నెమ్మదిస్తుంది. అది డోపమైన్ అనే ఇంకో నాడీ రసాయనం పని. అరగంట పస్తున్నదైతే మరీ నెమ్మదించి అక్కడే ఉండిపోతుంది. అది సెరటోనిన్ పని. అమెరికా శాస్త్రవేత్త హార్విట్జ్ బృందం 2000లోనే ఈ రెండింటినీ విడదీసి చూపించింది. మనవాడు ఒక గుంపును పస్తుంచి, ఇంకో గుంపుకు భోజనం పెట్టి, తేడా జన్యువుదన్నాడు. రెండు రకాలనూ నిండుగా మేపి మళ్లీ చేస్తే తేడా మాయం. ఏడాది పని పోయింది. మా వరండాలో కూర్చుని చెబుతూ ఏడ్చాడు. ఏడవనిచ్చి, టీ పెట్టిచ్చాను. ఇంకేం చేయను?

పస్తు ప్రభావం పిల్లల తరంలోనూ కనిపించవచ్చు. అందుకని కనీసం రెండు తరాలు మేత తప్పకుండా పెంచిన పురుగులనే తీసుకో. పస్తు పెట్టాల్సి వస్తే రెండు గుంపులకూ ఒకేసారి, గడియారం చూసి పెట్టు.

మొదట్లో నిన్ను తికమక పెట్టేది మరొకటి. ఎలుకలోనూ మనిషిలోనూ మెదడులోని సెరటోనిన్ ఆకలిని తగ్గిస్తుంది. నీ పురుగుకు అదే ఇస్తే, మేత లేని ప్లేటు మీద కూడా తింటున్నట్టు గొంతు ఆడిస్తూనే ఉంటుంది. పైగా కొవ్వు తగ్గుతుంది! సెరటోనిన్ తయారుచేసుకోలేని పురుగులేమో నెమ్మదిగా తింటూనే కొవ్వు పోగేస్తాయి. తిండిది ఒక దారి, కొవ్వుది ఇంకో దారి అని 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు తేల్చారు. కాబట్టి గొంతు కదలికలు లెక్కపెట్టి కొవ్వు సంగతి రాయకు, కొవ్వుకు పట్టించిన రంగు చూసి తిండి సంగతి రాయకు. 302 నాడీకణాలున్న జీవి ఇన్ని మెలికలు పెడుతుంది మరి.

జలగదీ ఇదే కథ. సెరటోనిన్ కలిపిన నీటిలో ఉంచితే త్వరగా కొరుకుతుంది, ఎక్కువ రక్తం తాగుతుంది. పాకాల చెరువు కింద నాట్లు వేసేటప్పుడు మీ నానమ్మ పిక్కలకు పట్టిన జలగల మీద ఉప్పు చల్లింది నేనే. కాలేజీలో ఏటా జలగను కోయించి పేగులు, నాడులు గీయించాను. అది ఎప్పుడు కొరుకుతుంది, ఎందుకు వదిలేస్తుంది అని ఒక్క పిల్లా అడగలేదు. నువ్వు అడగబోతున్నావు. అది తలచుకుంటే మీ నాన్న మీద కోపం కూడా పోతుంది.

ఇక నా భయం. పెళ్లిళ్లలో మన చుట్టాలు నిన్ను చుట్టుముట్టి, సన్నబడటానికి ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతారు. మొహమాటానికి కూడా నోరు జారకు. సెరటోనిన్‌ను పెంచి ఆకలి చంపే ఫెన్‌ఫ్లూరమిన్ మాత్రలు చాలామంది మింగారు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తెలిసి 1997లో అమెరికాలో అమ్మకం ఆపేశారు. సెరటోనిన్‌ను గుర్తుపట్టే గ్రాహకాలు కవాటాల మీదా ఉన్నాయి మరి. మీ చిన్నత్త ఇప్పటికే నన్ను అడిగింది. నీ దాకా రానిస్తే ఊరుకోను.

వేళకు తిను. పురుగులకు మేత వేసే రోజుల్లోనే పరిశోధక పిల్లలు భోజనం మానేస్తారని ఆ పరకాల అబ్బాయే చెప్పాడు. ఈసారి సద్దుల బతుకమ్మకు టికెట్ తీసే ముందే, నీ ప్లేట్లు ఎవరికి అప్పగిస్తున్నావో నాకు ఫోను చేసి చెప్పు.

మీ మేనత్త