తాళంచెవిలో చిప్పు, కనెక్టర్‌లో చిలుము

ప్రశ్న: మేము విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంటాము. మా కారు తొమ్మిదేళ్ల నాటిది. గ్యారేజీ లేనందువల్ల ఆరుబయటే నిలుపుతాము. రెండు వారాలుగా ఉదయం పూట సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ, ఇంజిన్ రెండు సెకన్లు నడిచి ఆగిపోతోంది. ఆ సమయంలో మీటర్ల మధ్య తాళంచెవి బొమ్మ ఉన్న ఎర్ర దీపం మిణుకుమంటోంది. తాళంచెవిని తీసి మళ్లీ పెడితే ఒక్కోసారి స్టార్ట్ అవుతోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే మార్పించవద్దు. ఇంజిన్ అంటుకుని వెంటనే ఆగిపోవడం, అదే సమయంలో ఆ దీపం మిణుకుమనడం చూస్తే, ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు, మీ తాళంచెవిని గుర్తించలేకపోతోందని అర్థమవుతుంది. తాళంచెవి తలభాగంలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ ఉండదు; ఇగ్నిషన్ తాళం చుట్టూ అమర్చిన తీగచుట్ట, చాలా కార్లలో సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగాలతో, దానికి కావలసిన శక్తిని అందిస్తుంది. చిప్పు పంపిన సంకేతం కారు జ్ఞాపకంలో ఉన్నదానితో సరిపోలితేనే ఈసీయూ ఇంజిన్‌ను నడవనిస్తుంది. తాళంచెవిని తీసి పెట్టినప్పుడు ఒక్కోసారి పనిచేస్తోందన్న మీ మాట చాలా విలువైనది, ఎందుకంటే అది కాలిపోయిన ఈసీయూ కంటే ఎక్కడో వదులైన లేదా చెడిన కనెక్షన్‌నే ఎక్కువగా సూచిస్తుంది.

ముందుగా బీరువాలో దాచిన రెండో తాళంచెవితో నాలుగైదు రోజులు నడిపి చూడండి. మొదటిదాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి. రెండు చిప్పులు ఒకే గుత్తిలో ఉంటే ఒకదాని సంకేతానికి మరొకటి అడ్డుపడవచ్చు. రెండోదానితో ఏ ఇబ్బందీ లేకపోతే లోపం మొదటి తాళంచెవిలోనే ఉందన్నమాట. రెండింటితోనూ ఇలాగే జరిగితే బ్యాటరీని మీటరుతో కొలిపించండి. రాత్రంతా నిలిచి ఉన్న కారులో, పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీ బలహీనపడిందని అనుమానించాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు ఇలాంటి కంప్యూటర్లు తడబడటం మామూలే.

ఆ తర్వాత చూడవలసింది తీగచుట్ట కనెక్టర్. సముద్రం పక్కన ఆరుబయట ఉండే కార్ల విషయంలో నా మొదటి అనుమానం ఎప్పుడూ దీని మీదే. కిందటి వానాకాలంలో భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక కారుకు స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూత విప్పి చూస్తే, కనెక్టర్‌లోని ఒక పిన్ను మొదలంటా పచ్చని చిలుము పట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ చల్లి, మెత్తని కుంచెతో తుడిచి, ఆరాక మళ్లీ బిగించగానే ఆ దీపం ఆరిపోయింది. గరుకు కాగితంతో మాత్రం రుద్దనివ్వకండి. పిన్ను మీది పూత పోయి చిలుము మరింత త్వరగా పడుతుంది. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కనుక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, కొద్దిసేపు ఆగి, అనుభవజ్ఞులే ఈ పని చేయాలి. బ్యాటరీ దగ్గరి ఎర్త్ వైర్లను కూడా అప్పుడే శుభ్రం చేయించండి.

ఇవన్నీ చూశాకా సమస్య ఉంటే, ఇమ్మొబిలైజర్ భాగాన్ని చదవగలిగే స్కానర్‌తో పరీక్ష చేయించండి. చవకగా దొరికే చాలా స్కానర్లు ఇంజిన్ కోడ్‌లనే చూపుతాయి. సెకండ్‌హ్యాండ్ ఈసీయూ తెచ్చి పెట్టినా, దాన్ని మీ కారుకు కోడింగ్ చేయకపోతే ఇమ్మొబిలైజర్ ఇంజిన్‌ను నడవనివ్వదు. అప్పుడు ఖర్చూ అయి, సమస్యా మిగులుతుంది.

ప్రశ్న: గాజువాకలో రిమోట్ తాళంచెవికి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయించాను. తలుపులు రిమోట్‌తో తెరుచుకుంటున్నాయి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కావడం లేదు.

జవాబు: పాత తొడుగును పారేయకండి, చిప్పు అందులోనే ఉండిపోయి ఉంటుంది. తలుపులు తెరిచే రిమోట్ బోర్డు వేరు, ఇంజిన్‌కు అనుమతినిచ్చే చిప్పు వేరు. కొన్ని తాళంచెవుల్లో రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి, మరికొన్నింటిలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన నల్లని ముక్కగానో గాజు గొట్టంగానో చిప్పు విడిగా తొడుగు మూలలో ఇమిడి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తీసి కొత్తదానిలో అదే చోట పెట్టించండి.

ప్రశ్న: ఒక తాళంచెవి ఆర్.కె. బీచ్‌లో పోయింది. కొత్తది ఖరీదని, ఇమ్మొబిలైజర్‌నే బైపాస్ చేయించమని కంచరపాలెంలో ఒకరు సలహా ఇచ్చారు. చేయించవచ్చా?

జవాబు: చేయించకండి. వైర్లు కలిపి కారు తీసుకుపోయే దొంగతనాన్ని ఆపడానికే ఈ ఏర్పాటు వచ్చింది; ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. బైపాస్ చేస్తే ఆ రక్షణ పూర్తిగా పోతుంది. కారు దొంగతనానికి గురైతే బీమా సంస్థలు తాళంచెవులన్నీ అప్పగించమని అడుగుతాయి కనుక, పోయినదాని గురించి ఇప్పుడే పోలీసులకు ఫిర్యాదు చేసి ఆ కాగితాన్ని భద్రపరచండి.

మిగిలిన తాళంచెవి చేతిలో ఉండగానే కొత్తది చేయించడం మంచిది. అదీ పోతే చాలా మోడళ్లలో పని కష్టమవుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆర్‌సీ, గుర్తింపు కార్డు, ఉన్న తాళంచెవి వెంట తీసుకెళ్లండి. కొత్తదాన్ని నమోదు చేసేటప్పుడు పోయినదాన్ని కారు జ్ఞాపకం నుంచి తొలగించమని ప్రత్యేకంగా అడగండి. అక్కడి నుంచి బయలుదేరే ముందు ఒక తాళంచెవిని దూరంగా ఉంచి, మరొకదానితో ఇంజిన్ స్టార్ట్ చేసి, కనీసం ఒక నిమిషం నడవనివ్వండి. తర్వాత రెండోదానితోనూ అలాగే చూసుకోండి.