ఆయాసం వస్తున్నా వాచీ 92 దగ్గరే ఆగితే

సైకిల్ మీద ఫ్లైఓవర్ ఎక్కుతూ రొప్పుతున్నా వాచీలో గుండె వేగం 92 దాటట్లేదని, గంట రైడ్‌కి వాచీ 560 కేలరీలంటే ఫోన్ యాప్ 490 అంటోందని, మీ బరువు 70 కిలోలని రాశారు. ఇవి రెండు వేర్వేరు సంగతులండీ.

మొదటిది మణికట్టు వల్ల. వాచీ వెనకున్న పచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికను పట్టి లెక్కేస్తుంది. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని మణికట్టు వంచితే అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది, గతుకులకు వాచీ ఊగుతుంది. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైకి జరిపి, చేయి విదిలించినా కదలకుండా కట్టండి. విప్పాక సెన్సర్ అచ్చు చర్మం మీద లేతగా కనబడితే బిగువు సరిపోయినట్టే. సైక్లింగ్ మోడ్ కూడా ఆన్ చేయండి, చాలామంది ఇదే మర్చిపోతారు.

అనుమానం తీరకపోతే సైకిల్ ఆపిన వెంటనే మెడ దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది. నాడి ఎక్కువుండి వాచీ మాత్రమే తక్కువ చూపిస్తుంటే గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ కొనుక్కోండి, బ్లూటూత్‌తో కలుస్తుంది. దాని ఎలక్ట్రోడ్లను (చర్మానికి తగిలే భాగాలను) తడిపి కట్టుకోవాలి. నాడి కూడా 92 దగ్గరే ఉండి ఆయాసం వస్తుంటే మాత్రం వాచీ సంగతి వదిలేసి డాక్టర్‌కు చూపించుకోండి.

కేలరీల గురించి టెన్షన్ వద్దు. 70 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా గంటకు దాదాపు 70 కేలరీలు ఖర్చవుతాయి. 'టోటల్'లో అవి కలుస్తాయి, 'యాక్టివ్'లో కలవవు. మీ తేడా సరిగ్గా అంతే ఉంది కాబట్టి వాచీ టోటల్, యాప్ యాక్టివ్ చూపిస్తున్నాయేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఎలాగూ రెండూ అంచనాలే. గుండె వేగం తప్పుగా పడితే ఆ అంచనా కూడా తప్పుతుంది, అందుకే ముందు వాచీ పట్టీ బిగువు సంగతి చూడండి.